మిరప ఘాటు మర్మం

బొల్లాపల్లి మండలంలో మిర్చి కోతలు మొదలయ్యాయంటే కల్లాల పక్కన పోయేవాళ్లకు కూడా తుమ్ములు ఆగవు. తాలుకాయలు ఏరే ఆడవాళ్లు ముక్కుకు కొంగు చుట్టుకునే కూర్చుంటారు. అంత ఘాటుకూ మూలం క్యాప్సైసిన్ అనే చిన్న అణువు.

నిజానికి మిరపకాయ నాలుకను కాల్చదు. మన నరాల కొసల్లో, కణం పొరలో, టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ తలుపులా ఉంటుంది. వేడి సుమారు 43 డిగ్రీలు దాటితే అది తెరుచుకుంటుంది. కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి దూరతాయి. ఒళ్లు కాలిందని మెదడుకు కబురు వెళ్తుంది. క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకునేది ఆ తలుపే. 1997లో దీన్ని కనిపెట్టిన బృందానికి నాయకుడైన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పక్షుల్లోనూ ఈ ప్రొటీన్ ఉంది గానీ క్యాప్సైసిన్‌ను అది పెద్దగా పట్టించుకోదు. చిలకలు పండుమిరపకాయలు కొరికి హాయిగా ఎగిరిపోయేది అందుకే.

అణువు ఆ ప్రొటీన్‌లో ఎలా కూర్చుంటుంది? 2013లో అతిశీతల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ప్రొటీన్ ఆకారాన్ని చూపింది గానీ, క్యాప్సైసిన్ ఉన్నచోట చిన్న మచ్చే కనబడింది. తల ఎటో, తోక ఎటో తేలలేదు. ఇక కంప్యూటర్‌ను ఆశ్రయించారు. కాలిఫోర్నియాలో జీ జెంగ్ బృందం అణువును ప్రొటీన్‌లో అది కూర్చునే గూట్లో రకరకాలుగా తిప్పి, ఎక్కడ గట్టిగా నిలుస్తుందో లెక్కగట్టింది. 2015లో తేలిన జవాబు: తల కిందికి, తోక పైకి. తల, దాని పైనున్న మెడ చెరో అమైనో ఆమ్లాన్ని హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటాయి. కొవ్వంటే ఇష్టపడే తోక పైన సర్దుకుంటుంది. గ్లాసుల కొద్దీ నీళ్లు తాగినా మంట తగ్గకపోవడానికీ ఆ తోకే కారణం.

తెరమీది బొమ్మను నమ్మేదెలా? ఆ బృందం ఆ అమైనో ఆమ్లాలను ల్యాబులో మార్చి చూసింది. క్యాప్సైసిన్ పట్టు సడలింది. నన్నడిగితే, ఈ పరీక్ష లేకపోతే పై కథంతా అందమైన ఊహే.

అణువు కూర్చున్నాక ప్రొటీన్ ఎలా కదులుతుందో చూడటం ఇంకో లెక్క. ప్రొటీన్, పొర, చుట్టూ ఉన్న నీరు, అన్నిటిలోని ప్రతి పరమాణువుకూ బరువు, విద్యుదావేశం ఇస్తారు. ఏది దేన్ని లాగుతోందో, నెడుతోందో లెక్కించి న్యూటన్ సూత్రం ప్రకారం వెంట్రుకవాసి జరుపుతారు. మళ్లీ లెక్క, మళ్లీ జరపడం. ఒక్కో అడుగు దాదాపు 2 ఫెమ్టోసెకన్లు. సెకనులో పది లక్షలో వంతు చూడాలంటే 50 కోట్ల అడుగులు పడాలి. 1977లో మార్టిన్ కార్‌ప్లస్ బృందం తొలిసారి ఒక చిన్న ప్రొటీన్‌ను కదిలించినప్పుడు ఆ కదలిక పది పికోసెకన్లు కూడా సాగలేదు. ఇవాళ హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ ప్రొటీన్లను, ఆర్‌ఎన్‌ఏను ఇలా కదిలించి చూస్తున్నారు.

టీఆర్‌పీవీ1 తలుపును మూసేస్తే నొప్పి తగ్గాలి కదా అని మందుల కంపెనీలు ఆశపడ్డాయి. ఆమ్‌జెన్ తయారుచేసిన ఏఎంజీ 517 మనుషులకు ఇచ్చి చూస్తే కొందరికి ఒళ్లు 40 డిగ్రీల దాకా కాలిపోయింది. 2008లో నరేందర్ గవ్వ బృందం ఆ సంగతి ప్రచురించింది. శరీరపు వేడిని అదుపులో ఉంచడంలోనూ ఈ ప్రొటీన్‌కు పాత్ర ఉందన్నమాట. అందుకే ఇప్పుడు వెతుకులాట ఆ పనిని చెడగొట్టకుండా నొప్పిని మాత్రమే ఆపే అణువుల కోసం. ఏ అణువు ఆ గూట్లో ఎలా ఇముడుతుందో ముందు కంప్యూటర్‌లో చూసుకుంటున్నారు.