లీజు గడువు, స్థలం, అప్పు: గోదావరి డెల్టాలో ఫ్రాంచైజీ భోజనశాలల లెక్కలు

భారతదేశంలో డామినోస్ దుకాణాలను నడిపే జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ వంటి సంస్థలు ప్రధానంగా అద్దె స్థలాలలోనే వ్యాపారం చేస్తాయి. 2019 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 116 ప్రమాణం ఈ లీజులలో అత్యధిక భాగాన్ని ఆస్తి అప్పుల పట్టీలోకి తెచ్చింది.

ఆ అప్పు పరిమాణాన్ని నిర్ణయించడంలో లీజు గడువు కీలకం. రాజమహేంద్రవరంలో ఒక దుకాణానికి నెలకు లక్ష రూపాయల అద్దె, 9 ఏళ్ల ఒప్పందం, 3 ఏళ్ల తర్వాత ఖాళీ చేసే హక్కు ఉన్నాయనుకుందాం. 9 శాతం వడ్డీరేటున, ఏటా చివర చెల్లించినట్లు లెక్కిస్తే, 9 ఏళ్లకు అప్పు సుమారు 72 లక్షలు. 3 ఏళ్లకు 30 లక్షలే. ఒప్పంద పత్రం ఒకటే. మారినది యాజమాన్యం అంచనా. నివేదికలో అసలు ముప్పు ఇక్కడే ఉంది.

ఆ అంచనా స్థలాన్ని బట్టి ఉంటుంది. వంటగదికి భారీగా ఖర్చు పెట్టిన అద్దెదారు మధ్యలో వెళ్లడానికి వెనుకాడతాడు. కానీ 1986 ఆగస్టు వరదలను, 1996 నవంబరు తుఫానును చూసిన డెల్టాలో కొనుగోళ్లు కొంతకాలం కుంటుపడవచ్చు. అప్పుడు ఇండ్ ఏఎస్ 36 ప్రకారం వినియోగ హక్కు ఆస్తి విలువను తగ్గించవలసి రావచ్చు. లీజు అప్పు మాత్రం దానంతట తగ్గదు.

వార్షిక నివేదికలు సాధారణంగా మొత్తాలనే చూపుతాయి, దుకాణాల వారీగా కాదు. మన వాణిజ్యశాస్త్ర పరిశోధన వాటి దగ్గరే ఆగిపోతున్నది. ఏడాదికి మించిన లీజులకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు తప్పనిసరి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోని 1వ పుస్తకాన్ని రుసుము చెల్లించి ఎవరైనా పరిశీలించవచ్చు.