చిన్న కాళ్ళకు పెద్ద పళ్ళచక్రం

పిల్లల సైకిలు కొనేటప్పుడు ఫ్రేము మీద ‘21 స్పీడ్’ అని ఉంటే అదే గొప్ప సైకిలని నమ్మేస్తాం. నన్నడిగితే ఆ అంకెను వదిలేసి వంగి చూడమంటాను. వెనక చక్రానికున్న పళ్ళచక్రాల్లో అన్నిటికన్నా పెద్దదానికి ఎన్ని పళ్ళు? ముందు, పెడళ్ళ దగ్గరున్నదానికి ఎన్ని? ఎనిమిదేళ్ళ పిల్ల ఎత్తు ఎక్కుతుందా, సగంలో దిగి తోసుకుంటూ పోతుందా అన్నది చాలావరకు ఈ రెండు లెక్కలే తేలుస్తాయి.

మొదట్లో సైకిలుకు గేర్ల ఊసే లేదు. 1870లలో ఇంగ్లండులో తిరిగిన ఎత్తు సైకిళ్ళకు పెడళ్ళు నేరుగా ముందు చక్రానికే ఉండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే. వేగం కావాలంటే చక్రాన్నే పెంచాలి, అందుకే అది అంత ఎత్తుకు పెరిగింది. 1885లో కొవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిలు చైనుతో వెనక చక్రాన్ని తిప్పింది. అప్పటినుంచి చక్రం సైజు ఒక్కటే కాదు, పళ్ళ నిష్పత్తి కూడా వేగాన్ని నిర్ణయించసాగింది. మరి ఆ నిష్పత్తిని దారిలోనే మార్చుకోగలిగితే?

ఈ ప్రశ్నను జీవితమంతా పట్టుకుని వదలనివాడు ఫ్రాన్సులోని సాంతెతియెన్ వాసి పాల్ ద వివీ. ‘వెలోసియో’ కలంపేరుతో సైకిళ్ళ పత్రిక నడిపాడు. ఊరి పక్కనే 1161 మీటర్ల ఎత్తున కొండ కనుమ ఉంది, ఆయన ప్రయోగాలన్నిటికీ ఆ ఎక్కుడు దారే పరీక్ష. తొలిరోజుల్లో ఆయన చైనును చేత్తో ఎత్తి, ఒక పళ్ళచక్రం మీంచి మరోదాని మీదికి వేసుకునేవాడు. తొక్కుతుండగానే చైనును పక్కకు నెట్టే డిరైలర్ కోసం ఏళ్ళ తరబడి వాదించాడు. పందేల నిర్వాహకులకు ఆ సౌకర్యం గిట్టలేదు. టూర్ ద ఫ్రాన్స్‌లో ప్రధాన రైడర్లకు డిరైలర్ వాడే అనుమతి వచ్చింది 1937లోనే. అంతకుముందు వాళ్ళు కొండ మొదట్లో ఆగి, వెనక చక్రాన్ని ఊడదీసి, అటూ ఇటూ తిప్పి బిగించుకునేవారు. రెండో వైపు కొండకు పనికొచ్చే మరో పళ్ళచక్రం ఉండేది. ఛాంపియన్ల కండలకే కొండ అంత భారమైనప్పుడు పిల్లల సంగతి ఎవరైనా ఆలోచించి ఉండాల్సింది.

పిల్లల సైకిలుకు గేర్లు వచ్చాయి గానీ మొదట హంగు కోసమే వచ్చాయి. 1968లో అమెరికాలో ష్విన్ కంపెనీ క్రేట్ సైకిళ్ళు, కాస్త తర్వాత బ్రిటన్‌లో రాలీ చాపర్ వెలిశాయి. రెండింటికీ ఫ్రేము మీద, కూర్చున్న పిల్లవాడి ముందు, కారులో ఉన్నట్టు గేరు పిడి. బ్రేకు వేసి ముందుకు జారితే అది ఎక్కడ తగులుతుందో చెప్పనక్కర్లేదు.

అసలు మేలు జరిగింది జపానులో. 1964లో సన్‌టూర్ కంపెనీ డిరైలర్‌ను కాస్త ఏటవాలుగా అమర్చింది. దాంతో చైనును నడిపే చిన్న చక్రం, చిన్న పళ్ళచక్రం నుంచి పెద్దదాని దాకా అంతటా ఇంచుమించు ఒకే దూరంలో సాగింది. 1984లో షిమానో దానికి ‘టిక్’ మని ఆగే మీటను జోడించింది. అంతకుముందు మీటను అందాజుగా జరుపుతూ, చైను చప్పుడు వింటూ సరిచేసుకోవాలి. ఇప్పుడు ఒక టిక్కుకు ఒక గేరు. ఏడేళ్ళ చేతికి గేరు నిజంగా అందింది అప్పుడే అని నా అభిప్రాయం.

ఇక లెక్కలోకి వద్దాం. పిల్ల బరువు 25 కిలోలు, సైకిలు 12 కిలోలు అనుకోండి. తన బరువులో సగం ఇనుమును మోసుకుంటూ ఎక్కుతోందన్నమాట. 70 కిలోల పెద్దమనిషికి అదే సైకిలు ఒంటి బరువులో ఇంచుమించు ఆరో వంతే. వంద మీటర్లకు 8 మీటర్లు లేచే రోడ్డు మీద ఆ 37 కిలోలూ సుమారు 3 కిలోల బలంతో వెనక్కి లాగుతాయి. పిల్ల 50 వాట్ల శక్తితో తొక్కితే వేగం గంటకు 6 కిలోమీటర్లు. ఏ గేరూ ఈ వేగాన్ని పెంచలేదు. మెట్లెక్కడంలో లాగే ఎక్కాల్సిన ఎత్తు అంతే, మెట్టు ఎత్తును మాత్రం తగ్గించుకోవచ్చు. ముందు 36, వెనక 16 పళ్ళున్న గేరు లేని 20 అంగుళాల సైకిలు పెడలు చుట్టుకు మూడున్నర మీటర్లు పోతుంది. ఆ వేగంలో నిమిషానికి తిరిగేది 30 చుట్లే, పెడలు మీద సగటున 12 కిలోల దాకా తోపు పడాలి. పెడలు పైనా కిందా ఉన్నప్పుడు తోపు పనిచేయదు కనుక, మధ్యలో దాదాపు రెట్టింపు, అంటే ఇంచుమించు ఒంటి బరువంతా. అదే ముందు 32, వెనక 34 చేస్తే చుట్టుకు ఒకటిన్నర మీటరు, నిమిషానికి 70 చుట్లు, సగటు తోపు 5 కిలోలు.

కోనసీమ గట్ల మీద ఈ లెక్కతో అంత పనిలేదు, ఎదురుగాలి వీచిన రోజు తప్ప. విశాఖ ఎత్తు వీధుల్లో, హైదరాబాదు బంజారాహిల్స్‌లో దాని విలువ తెలుస్తుంది.

ఉన్న సైకిలును బాగుచేయడం కష్టమేమీ కాదు. మామూలు ఏడు గేర్ల పిల్లల సైకిళ్ళలో ఎక్కువగా 14 నుంచి 28 పళ్ళ ఫ్రీవీల్, అంటే వెనక పళ్ళచక్రాల గుత్తి, ఉంటుంది. దాన్ని విప్పి 14 నుంచి 34 పళ్ళది బిగించవచ్చు. గేర్ల సంఖ్య మారదు కనుక మీట పాతదే చాలు. విప్పడానికి తగిన ప్రత్యేక పానా కావాలి, ప్రతి తొక్కుడుకూ అది బిగుసుకుంటూ వచ్చి ఉంటుంది కనుక బలమూ కావాలి. డిరైలర్ మాత్రం 34 పళ్ళను తట్టుకునేదై ఉండాలి. అలాగని మరీ పొడుగు చేతిది వద్దు. 20 అంగుళాల చక్రం ఇరుసు నేలకు 25 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది, వేలాడే డిరైలర్ ఏ రాయికో తగిలి వంగుతుంది.

ముందు పళ్ళచక్రాన్ని 36 నుంచి 32కు తగ్గించాలంటే, చాలా సైకిళ్ళలో అది పెడలును పట్టుకునే కడ్డీకి, అంటే క్రాంకుకు, రివెట్లతో అతికి ఉంటుంది కనుక క్రాంకు మొత్తం మార్చాలి. ఆ పనిలో పనిగా పిల్ల కాలికి తగిన పొట్టి క్రాంకు వేయించండి. ముందు నాలుగు పళ్ళు తగ్గి వెనక ఆరు పెరుగుతాయి కాబట్టి చైను పొడవు ఇంచుమించు అంతే ఉంటుంది. ముందు మూడు పళ్ళచక్రాలూ రెండో మీటా ఉంటే తీసేయించమనే చెబుతాను. ఆ 21లో సగానికి సగం ఒకదానికొకటి నకళ్ళు, ఎత్తులో చైను జారేది కూడా ఎక్కువగా అక్కడే.

ఒక్క విషయంలో అశ్రద్ధ కూడదు. డిరైలర్‌కు రెండు చిన్న మరలుంటాయి. ఒకటి చైను పెద్ద పళ్ళచక్రం దాటి స్పోకుల్లోకి పడకుండా ఆపుతుంది. అది సరిగా లేకపోతే నడుస్తున్న చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. స్పోకులకూ ఫ్రీవీల్‌కూ మధ్యనుండే ప్లాస్టిక్ పళ్ళేన్ని కూడా పీకేయకండి. వెనక చక్రాన్ని పైకెత్తి పెడలు చేత్తో తిప్పుతూ ఏడు గేర్లూ వేసి చూశాకే పిల్లకివ్వండి. కొత్త కేబులు కొన్నాళ్ళకు కాస్త వదులవుతుంది, అప్పుడు చైను పెద్దదాని మీదికి ఎక్కడానికి తటపటాయిస్తుంది. డిరైలర్ దగ్గర కేబులు మొదట్లో ఉండే చిన్న బిరడాను అరచుట్టు బయటికి తిప్పితే సర్దుకుంటుంది. ఆ బిరడా ఎక్కడుందో పిల్లకే చూపించండి, పానా అక్కర్లేదు.