ట్రక్కు ఇరుసుకి ఏ కందెన? సింథటిక్కా, మామూలుదా?

“సింథటిక్ పోయించమంటారా, మామూలుది చాలా?” అని అడిగేవాళ్ళు మన వాళ్ళలో ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒకప్పుడు అమెరికాలో తెలుగువాడి వాకిట్లో క్యామ్రీయో, అకార్డో ఉండేది. పిల్లలు పుడితే మినీ వ్యాను. 2020లో కోవిడ్ వచ్చి విమాన ప్రయాణాలు ఆగిపోయాక మా చుట్టుపక్కల కొందరు పికప్ ట్రక్కులు కొన్నారు. వాటి వెనకాల తగిలించడానికి క్యాంపర్ ట్రైలరో, చేపల పడవో కూడా వచ్చి చేరింది. నేను వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరుని, ఉండేది మిన్నెసోటాలో. అంచేత ఈ ప్రశ్న నా దగ్గరకి రావడం సహజమే. ఫోన్లో అయిదు నిమిషాల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. “లూబ్రికెంట్” అంటే తెలుగులో కందెన. మన తాతల కాలంలో ఎడ్లబండి ఇరుసుకి పూసే నల్లటి ముద్ద అది. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసేవారు. ఆముదాన్ని తక్కువగా చూడకండి. తొలినాటి విమానాల ఇంజన్లలోనూ, పందెపు కార్లలోనూ అదే పోసేవారు. కాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదానికున్న ఇంగ్లీషు పేరులోంచి పుట్టిందే. బండి చేసేది ఏ పని, మోసేది ఎంత బరువు, తిరిగేది ఏ ఎండలో అని చూసి కందెన ఎంచుకోవడం మనకి కొత్తేమీ కాదు.

ట్రక్కులో ఇంజను దగ్గర పుట్టిన బలం చక్రాల దాకా వెళ్ళే దారిలో మూడు పెట్టెలు ఉంటాయి. మొదటిది ట్రాన్స్‌మిషన్. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే దాని వెనకే ట్రాన్స్‌ఫర్ కేస్. చివరిది ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే డిఫరెన్షియల్. ఇక్కడి మెకానిక్కులు దాన్ని ముద్దుగా గుమ్మడికాయ అంటారు. ఈ మూడింటికీ మూడు రకాల నూనెలు. ఇంజను ఆయిలు సంగతి వేరు. ఇప్పటి కొత్త ట్రక్కుల్లో ఎక్కువ వాటికి 0డబ్ల్యూ-20 లాంటి పలచని నూనె పొయ్యమని పుస్తకంలోనే ఉంటుంది. అంత పలచన నూనె దాదాపు ఎప్పుడూ సింథటిక్కే కాబట్టి అక్కడ ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. అసలు ప్రశ్న ఆ గుమ్మడికాయ దగ్గర మొదలవుతుంది.

అసలు సింథటిక్ అంటే ఏమిటి? అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మూలనూనెల్ని అయిదు గ్రూపులు చేశారు. ఒకటి, రెండు గ్రూపులు ముడిచమురుని శుద్ధి చేస్తే వచ్చేవి. వీటినే మనం మామూలు నూనె అంటున్నాం. మూడో గ్రూపు కూడా ముడిచమురులోంచే వస్తుంది, కాని హైడ్రోజన్‌తో గట్టిగా “వండి” అణువుల ఆకారాన్నే మార్చేస్తారు. నాలుగో గ్రూపు పాలీ ఆల్ఫా ఓలిఫిన్, అంటే చిన్న అణువుల్ని ఒకదానికొకటి అతికించి కట్టుకొచ్చిన నూనె. మిగతావన్నీ అయిదులో పడతాయి. ఒకప్పుడు సింథటిక్ అంటే నాలుగు, అయిదు గ్రూపులే అన్న భావం ఉండేది. కాస్ట్రాల్ వాళ్ళు మూడో గ్రూపు నూనెకి కూడా ఆ పేరు పెట్టి అమ్మితే మొబిల్ వాళ్ళు అభ్యంతరం చెప్పారు. 1999లో ప్రకటనల తగవులు తీర్చే జాతీయ సంస్థ కాస్ట్రాల్ వైపే తీర్పు చెప్పింది. అప్పటినుంచి అమెరికాలో సీసా మీద “ఫుల్ సింథటిక్” అని ఉన్నంత మాత్రాన లోపల ఏ గ్రూపు ఉందో చెప్పలేం. ఇందులో నాకు మోసమేమీ కనపడదు. మూడో గ్రూపువి మంచి నూనెలే. కాకపోతే ముందువైపు ఉన్న పెద్దక్షరాల కంటే సీసా వెనక ఉన్న చిన్నక్షరాలే మనకి పని చేస్తాయి.

ఇప్పుడు చలి. చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసా గడ్డకట్టడం మనందరికీ తెలుసు. మామూలు గేర్ నూనెకి కూడా చలిలో దాదాపు అదే గతి, అందులో మిగిలిన మైనం గింజకట్టి నూనె ముద్దయిపోతుంది. పాలీ ఆల్ఫా ఓలిఫిన్‌లో మైనం ఉండదు. గేర్ నూనె మీద కనిపించే 75డబ్ల్యూ, 80డబ్ల్యూ అంకెల అర్థం ఇదే: నూనె చిక్కదనం 1,50,000 సెంటీపాయిజ్ దాటకుండా ఎంత చలి దాకా తట్టుకుంటుందీ అని. 85డబ్ల్యూ అయితే మైనస్ 12 సెల్సియస్ దాకా, 80డబ్ల్యూ అయితే మైనస్ 26 దాకా, 75డబ్ల్యూ అయితే మైనస్ 40 దాకా. ఆ చిక్కదనం దాటితే నూనె పినియన్ బేరింగు దాకా పారదు. గేర్లు నూనెలో గాడి చేసుకుని పొడిగా తిరుగుతాయి. 1,50,000 అంటే గదిలో పెట్టిన తేనెకి పది రెట్ల పైమాటే.

మైనస్ 26 సెల్సియస్ అంటే సుమారు మైనస్ 15 ఫారెన్‌హీట్. మా ఉత్తర మిన్నెసోటాలో జనవరి రాత్రుళ్ళు అంతకంటే కిందికి పోవడం వింతేమీ కాదు. 1996 ఫిబ్రవరి 2న టవర్ అనే ఊరి దగ్గర మైనస్ 60 ఫారెన్‌హీట్ నమోదయింది. ఇలాంటి చోట బయట వాకిట్లో నిలబెట్టే ట్రక్కు డిఫరెన్షియల్లో 80డబ్ల్యూ-90 మామూలు నూనె ఉంచడం నాకు నచ్చదు. 75డబ్ల్యూ నూనెల్లో ఎక్కువ భాగం సింథటిక్ కావడానికి కారణం కూడా ఈ చలే. అమెరికాలో ఏ.పి.ఐ. ప్రమాణానికి నిలిచిన మొదటి సింథటిక్ ఇంజను ఆయిలు 1972లో మా పక్కనే పుట్టింది. డులూత్‌లో యుద్ధవిమానాలు నడిపిన ఒక వైమానిక అధికారి జెట్ ఇంజన్లలో సింథటిక్ నూనెలు ఎలా పనిచేస్తున్నాయో చూసి, కారుకి ఎందుకు పనికిరావని మొదలుపెట్టినదే ఆమ్సాయిల్. ఆ కంపెనీ ఇప్పటికీ సరస్సు పక్కనున్న సుపీరియర్ ఊళ్ళోనే ఉంది.

డాలస్‌లోనో, ఫీనిక్స్‌లోనో ఉన్నవాళ్ళు “మాకు చలెక్కడిది?” అంటారు. నిజమే. మీ సమస్య వేడి. డిఫరెన్షియల్లో ఉండేవి హైపాయిడ్ గేర్లు. 1926లో ప్యాకార్డ్ కార్లతో ఇవి వాడుకలోకి వచ్చాయి. పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాకుండా బలంగా జారుతూ పోతాయి. ఆ రాపిడి వేడిని చల్లార్చడానికి రేడియేటరు లేదు, నీళ్ళు లేవు, కింద నుంచి తగిలే గాలి ఒక్కటే దిక్కు. ట్రైలరు తగిలించి ఘాటు ఎక్కితే ఆ వేడి ఎంత పెరుగుతుందో ఊహించుకోండి. ట్రక్కు కంపెనీలు తమ బండి ఇంత బరువు లాగుతుందని చెప్పే అంకెలకి ఎస్.ఏ.ఇ. జె2807 అనే పరీక్ష ఉంది. అందులో భాగంగా అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11 మైళ్ళ పైచిలుకు ఎత్తు, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి ఎక్కాలి. నూనెల విషయంలో ఒక మోటు లెక్క ఉంది: ప్రతి 10 సెల్సియస్ డిగ్రీలు పెరిగినప్పుడల్లా నూనె చెడిపోయే వేగం రెట్టింపవుతుంది. సింథటిక్ అక్కడ ఎక్కువ కాలం నిలుస్తుంది. వేడికి పలచబడడం కూడా తక్కువ. ఫోర్డ్ ఎఫ్-150లో కొన్ని ఏళ్ళ మోడళ్ళకి వెనక ఇరుసులో 75డబ్ల్యూ-140 సింథటిక్కే పొయ్యమని కంపెనీ రాసింది ఇందుకే. మీది అదే బండి అయితే ఇంక సందేహం అక్కర్లేదు.

“90 అంటే ఇంజనులో పోసే 40 కంటే రెట్టింపు చిక్కన కదా?” అని ఒకరు అడిగారు. కాదు. రెండూ వేరు వేరు కొలబద్దలు. గేర్ నూనె 90, ఇంజను నూనె 40 లేదా 50తో దాదాపు సమానమైన చిక్కదనమే.

చలీ వేడీ అర్థమైతే సగం పని అయినట్టు. కాని నేను చూసిన తిప్పలు చాలావరకు ఈ రెండింటి వల్లా రాలేదు, సీసా వెనక చదవకపోవడం వల్లే వచ్చాయి. పక్క ఊళ్ళో ఉన్న ఓ మిత్రుడు ఫోన్ చేశాడు. “అన్నా, పార్కింగ్ లాట్లో మలుపు తిప్పితే వెనకాల ఎవరో బల్ల ఈడ్చినట్టు చప్పుడు. షాపువాడు డిఫరెన్షియల్ మొత్తం విప్పి కట్టాలి, 1800 డాలర్లంటున్నాడు. వచ్చే వారం పిల్లల్తో బ్లాక్ హిల్స్ వెళ్ళాలి.” ఈ మధ్య ఏం చేయించావంటే, నెల క్రితం ఇంకో చోట ఇరుసు నూనె మార్పించానన్నాడు. రసీదు ఫొటో పంపమన్నాను. మంచి కంపెనీ 75డబ్ల్యూ-90 సింథటిక్. తప్పు పట్టడానికి లేదు. కాని అతని ట్రక్కుకి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది. అందులో చిన్న క్లచ్చి పళ్ళేలు ఉంటాయి. మలుపులో అవి మెత్తగా జారాలి. దానికి నూనెలో ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే చిన్న మందు కలపాలి. కొన్ని సీసాల్లో కలిపే వస్తుంది, కొన్నింట్లో విడిగా పొయ్యాలి. రసీదులో దాని ఊసే లేదు. డీలరు దగ్గర నాలుగు ఔన్సుల సీసా కొని, కొంచెం నూనె తీసి, అది పోసి, ఖాళీ బడి ఆవరణలో ఎనిమిది అంకె ఆకారంలో కాసేపు నెమ్మదిగా తిప్పితే చప్పుడు పోయింది. పిల్లలు బ్లాక్ హిల్స్ చూసొచ్చారు.

ట్రాన్స్‌మిషన్‌లో ఇది ఇంకా కీలకం. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ద్రవం కందెనగా ఉంటే సరిపోదు. క్లచ్చి పళ్ళేలు ఎంత పట్టాలో, ఎంత జారాలో నిర్ణయించేది అదే. 1970ల మొదటి దాకా ఈ గుణం కోసం అందులో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారంటే నమ్ముతారా? తిమింగలాల రక్షణకి చట్టాలు వచ్చాక రసాయన శాస్త్రజ్ఞులు వేరే దారులు వెతుక్కోవలసి వచ్చింది. ఇటీవలి కథ ఇంకోటి. జనరల్ మోటర్స్ 8 గేర్ల ట్రాన్స్‌మిషన్లు కొన్ని నిలకడ వేగంలో వణికేవి. 2019లో కంపెనీ డీలర్లకి ఇచ్చిన పరిష్కారం పాత ద్రవం మొత్తం తీసేసి మరో రకం ద్రవం నింపడం. పాతదేమీ నాసిరకం కాదు. తేమ చేరితే దాని ఘర్షణ గుణం మారిపోయేది, అంతే. కాబట్టి ఇక్కడ “సింథటిక్కా, మామూలా” అని అడగకండి. డెక్స్‌రాన్ 6, మెర్కాన్ యు.ఎల్.వి., ఏ.టి.ఎఫ్.+4, మీ పుస్తకంలో ఏ పేరు ఉంటే ఆ పేరున్నదే. “అన్ని బండ్లకీ సరిపోతుంది” అన్న సీసాని నేనైతే షెల్ఫు మీదే వదిలేస్తాను. ట్రాన్స్‌ఫర్ కేస్‌కి కూడా ఇదే మాట. జనరల్ మోటర్స్ ఆటోట్రాక్ పెట్టెల్లో పోసే ద్రవం నీలంగా ఉంటుంది, ఎర్రటిది పోస్తే ఒప్పుకోదు.

మాన్యువల్ గేర్లున్న పాత ట్రక్కు ఎవరి దగ్గరైనా ఉంటే జి.ఎల్.-4, జి.ఎల్.-5 తేడా గమనించండి. 5 అంటే 4 కంటే మేలని అనుకోకూడదు. జి.ఎల్.-5లో గంధకం, ఫాస్ఫరస్ మందులు ఎక్కువ. హైపాయిడ్ పళ్ళకి అవి ప్రాణం పోస్తాయి. గేర్‌బాక్సులోని ఇత్తడి సింక్రోనైజర్లకి మాత్రం కొన్నిసార్లు చేటు చేస్తాయి.

సింథటిక్ పోస్తే సీళ్ళు కారతాయన్న భయం పాత రోజులది. తొలి నూనెలు రబ్బరుని కుంచించేవి. ఇప్పుడు సరిచేసే పదార్థాలు కలుపుతున్నారు. ఇక వారంటీ. 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప, ఫలానా బ్రాండే వాడితేనే వారంటీ అని కంపెనీ షరతు పెట్టకూడదు. ఫలానా ప్రమాణం ఉన్న నూనె కావాలని మాత్రం అనొచ్చు. రసీదులు దాచుకోండి.

మామూలు నూనె ఎవరికి చాలు? హ్యూస్టన్‌లో ఉండి, ట్రైలరు లేకుండా, వారానికోసారి హోమ్ డిపోకి వెళ్ళే పాత ట్రక్కు, పుస్తకంలో 80డబ్ల్యూ-90 అని ఉంటే, అదే పోసి హాయిగా నడపండి. కాని డిఫరెన్షియల్లో పట్టేది రెండు మూడు క్వార్టులే. సింథటిక్‌కి అయ్యే అదనపు ఖర్చు నలుగురు కలిసి ఇండియన్ బఫేకి వెళ్ళొచ్చినంత కూడా ఉండదు. అదీ ఎన్నో ఏళ్ళకోసారి. అందుకే బరువు లాగేవాళ్ళకీ, చలి ప్రాంతాల వాళ్ళకీ ఇందులో పిసినారితనం వద్దంటాను.

పడవలున్నవాళ్ళకి ఒక హెచ్చరిక. హైవే మీద వేడెక్కిన ఇరుసుని పడవ దింపడానికి తిన్నగా చల్లటి సరస్సు నీళ్ళలో ముంచితే లోపలి గాలి ఒక్కసారి కుంచించుకుంటుంది. గాలి గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. తరవాత నూనె పాలు పోసిన కాఫీ రంగులో వస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన సింథటిక్ అయినా పనికిరాదు, వెంటనే మార్చాల్సిందే. రేవు దగ్గర ఇరుసుని కాసేపు చల్లారనివ్వండి, ఏడాదికోసారి ఆ గొట్టం చూడండి.

సొంతంగా మార్చుకునేవాళ్ళు ముందు పైన నింపే బిరడా విప్పి చూడండి. అది ఊడుతుందని తేలాకే కిందిది తియ్యాలి. లేకపోతే ఖాళీ ఇరుసుతో బండి వాకిట్లో ఉండిపోతుంది. అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి ముద్ద కనిపిస్తే కంగారు లేదు. చేతికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే మాత్రం మెకానిక్కుకి చూపించాలి. పాత నూనెని విడిభాగాల దుకాణాలు చాలావరకు ఉచితంగానే తీసుకుంటాయి. గేర్ నూనె కూడా తీసుకుంటారా అని ముందు ఫోన్ చేసి అడగండి. ఆ గంధకం కంపు అంత తేలిగ్గా వదలదు, అంచేత పాత చొక్కా వేసుకోండి, దాన్ని ఇంట్లో వాషింగ్ మెషీన్లో మాత్రం వెయ్యకండి.