బొగ్గుతో బండి నడుస్తుందా? మా తాత అడిగిన ప్రశ్న

ఈ రోజు ఎపిసోడ్ మా తాత వల్ల వచ్చింది. తాత సింగరేణి బొగ్గుబాయిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. మొన్న నేను పెట్రోల్ కొట్టించుకుని వస్తే, "ఇంత బొగ్గు మన కాళ్ల కింద పెట్టుకుని, బయటి దేశాల నుంచి ఆయిల్ ఎందుకు తెస్తున్నర్రా?" అన్నాడు. కెమిస్ట్రీ చదివిన నాకే వెంటనే జవాబు రాలేదు. అందుకే కూర్చుని చదివాను.

బొగ్గులో, పెట్రోల్‌లో ముఖ్యంగా ఉండేవి అవే రెండు: కార్బన్, హైడ్రోజన్. తేడా అంతా లెక్కలో ఉంది. 100 కార్బన్ పరమాణువులకు పెట్రోల్‌లో దాదాపు 200 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. మామూలు బొగ్గులో 80 చుట్టూ మాత్రమే. రిఫైనరీలో అడుగున మిగిలే తారు లాంటి చిక్కటి నూనెలో 140, 150 ఉంటాయి. అంటే బొగ్గుకీ, ఆ అడుగు నూనెకీ ఉన్న జబ్బు ఒకటే, హైడ్రోజన్ తక్కువ.

దీనికి దారులు రెండు. ఎక్కువైన కార్బన్‌ని కోక్‌గా తీసేయాలి, లేదా బయటి నుంచి హైడ్రోజన్ ఎక్కించాలి. మన విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఆధునికీకరణలో రెండో దారి పట్టారు. ఏడాదికి 35.5 లక్షల టన్నుల అడుగు నూనె కోసం యూనిట్ పెట్టారు.

మరి బొగ్గు సంగతి? జర్మనీలో ఫ్రెడరిక్ బెర్గియస్ 1913లోనే బొగ్గు పొడిని నూనెలో కలిపి, విపరీతమైన ఒత్తిడిలో హైడ్రోజన్ ఎక్కించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1931లో నోబెల్ కూడా వచ్చింది. 1920లలో ఫిషర్, ట్రాప్ష్ ఇంకో దారి చూపించారు. ముందు బొగ్గుని ఆవిరి, ఆక్సిజన్‌తో గ్యాస్‌గా మార్చాలి. తర్వాత ఆ గ్యాస్‌ని ఇనుము, కోబాల్ట్ లాంటి ఉత్ప్రేరకాల మీద పంపితే కార్బన్ గొలుసులు పెరిగి నూనె అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయిల్ దొరకని జర్మనీ ఈ పద్ధతుల మీదే చాలావరకు బతికింది. తర్వాత దక్షిణాఫ్రికాలో సాసోల్ కంపెనీ 1955 నుంచి బొగ్గుతో పెట్రోల్ చేస్తోంది.

"మరి మనం ఎందుకు చేయట్లేదు?" అంటారు కదా. ఒకటి, మన బొగ్గులో బూడిద ఎక్కువ, 30, 40 శాతం దాకా ఉంటుంది. బయటి దేశాల యంత్రాలు చాలావరకు తక్కువ బూడిద బొగ్గు కోసం చేసినవి. అందుకే హైదరాబాద్‌లో బీహెచ్ఈఎల్ పరిశోధకులు మన బొగ్గుకి సరిపోయే గ్యాసిఫైయర్‌ని సొంతంగా డిజైన్ చేసి, రోజుకు 250 కిలోల మిథనాల్ తీసే పైలట్ ప్లాంట్ పెట్టారు. చిన్నదే, కానీ మన బొగ్గుతో అవుతుందని చూపించింది.

రెండోది అసలు చిక్కు. ఆ హైడ్రోజన్‌ని కూడా బొగ్గు, నీటి ఆవిరి నుంచే తీస్తే, బొగ్గులోని కార్బన్‌లో పెద్ద భాగం ప్లాంట్‌లోనే కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. బండి స్టార్ట్ చేయకముందే సగం పొగ వచ్చేసినట్టు! నీళ్లు కూడా బాగా కావాలి, పెట్టుబడీ ఎక్కువే. క్రూడ్ ధర పడిపోతే ప్లాంట్‌కి నష్టమే.

ఇదంతా తాతకి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే చేయొచ్చు, కానీ ఖర్చు మనమే కాదు, మనవళ్లు కూడా కట్టాలన్నమాట" అన్నాడు. నా ఎపిసోడ్ మొత్తం ఒక్క మాటలో చెప్పేశాడు.

ఆ హైడ్రోజన్‌ని సోలార్ కరెంటుతో నీళ్ల నుంచి తీస్తే లెక్క మారుతుందా? మీరేమంటారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం. ఉంటాను మరి.