క్రిస్మస్ తాత వెనక ఓ బిషప్!

పనిచేసేచోట బోనస్ లేదన్నారు. ఇంట్లో దాచిన డబ్బేమో కొడుకు చేతి మీది పచ్చబొట్టు తీయించడానికే అయిపోయింది. పండగ ముంచుకొస్తోంది. ఆ మాట భార్యాపిల్లలకు చెప్పలేక హోమర్ ఓ షాపింగ్ మాల్‌లో క్రిస్మస్ తాత వేషం కట్టాడు. తీరా చేతికొచ్చింది 13 డాలర్లే! వాటిని కుక్కల పందెంలో పెడితే, నమ్ముకున్న కుక్క కాస్తా ఆఖర్న వచ్చింది. ఓడిపోయిందని యజమాని తరిమేసిన ఆ బక్క కుక్కే చివరికి ఇంటిల్లిపాదికీ పండగ కానుకైంది. దాని పేరు ‘శాంటాస్ లిటిల్ హెల్పర్’... అంటే క్రిస్మస్ తాతకు చిట్టి సాయగాడు. 1989 డిసెంబరు 17న అమెరికా టీవీలో ‘ద సింప్సన్స్’ కార్టూన్ సీరియల్ మొదలైంది ఈ కథతోనే.

కుక్క పేరులో ఉన్న ఆ శాంటా ఎవరంటారా? నాలుగో శతాబ్దంలో మైరా పట్టణానికి బిషప్‌గా ఉన్న సెయింట్ నికోలస్. టర్కీలోని దెమ్రెయే ఆనాటి మైరా. ఓ పేద తండ్రికి ముగ్గురు కూతుళ్లు. కట్నాలిచ్చే స్తోమత లేదు. పెళ్లిళ్లు కాకపోతే వాళ్ల బతుకులు వీధిపాలే. సంగతి తెలిసిన నికోలస్ రాత్రిపూట వాళ్లింటి కిటికీలోంచి బంగారు నాణేల మూట విసిరి వెళ్లిపోయాడట. అలా మూడుసార్లు! ఇచ్చిందెవరో తెలియకూడదు, పుచ్చుకున్నవాడు తల దించుకోకూడదు. అందుకే ఆ చీకటి.

హంతకుడి చేతిలో చనిపోయి ఉప్పునీటి తొట్టిలో ఉన్న ముగ్గురు పిల్లల్ని ఆయన బతికించాడన్న కథ మధ్యయుగాల ఐరోపాలో ఇంటింటా చెప్పుకునేవారు. అలా క్యాథలిక్కులకు ఆయన పసిపిల్లల్ని కాపాడే పునీతుడయ్యాడు. 1087లో నావికులు ఆయన అస్థికల్ని ఇటలీలోని బారి నగరానికి తీసుకెళ్లారు. ఏటా డిసెంబరు 6న ఆయన పండగ. నెదర్లాండ్స్‌లో ‘సింటర్‌క్లాస్’ అని పిలుస్తారు. అక్కడి పిల్లలు ఆయన కోసం బూట్లు బయటపెట్టి పడుకుంటారు, తెల్లారేసరికి వాటిలో మిఠాయిలుంటాయి!

ఆ డచ్చి పేరే అమెరికాలో ‘శాంటాక్లాజ్’ అయింది. 1823లో అచ్చయిన ఓ గేయం ఆయన్ని దుప్పుల బండి ఎక్కించింది. 1863 నుంచి థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు వేసిన బొమ్మలు తెల్లగడ్డాన్నీ బొజ్జనీ జనం మనసుల్లో నిలిపాయి. అంటే, కార్టూన్లలోకి రావడం ఈ తాతకు కొత్తేం కాదన్నమాట!

పండగపూట వట్టి చేతుల్తో ఇంటికెళ్లలేని తండ్రి బాధ పాత కథలోనైనా టీవీలోనైనా ఒకటే. అది తెలిసినవాడు కాబట్టే నికోలస్ పిల్లలకే కాదు... తండ్రులకూ ఆప్తుడు!