గ్రాఫీన్ తలంపై రసాయన మార్పు: దానికి సాక్ష్యం

గ్రాఫైటు పొరలు పొరలుగా అమరిన పదార్థమని విద్యార్థులకు తెలిసినదే. ఆ పొరలలో ఒకే ఒక్క పొర గ్రాఫీన్. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే గైమ్, కాన్‌స్టంటిన్ నొవొసెలోవ్‌లు జిగురు టేపుతో దానిని వేరుచేసి, 2010లో నోబెల్ బహుమతి పొందినారు.

ఇందులో ప్రతి కర్బన పరమాణువు మూడు పొరుగు పరమాణువులతో బంధింపబడి షట్కోణాల వల ఏర్పడుతుంది. నాల్గవ ఎలక్ట్రాను తలమంతటా సంచరించుట వలన విద్యుద్వాహకత అధికం. కాని ఈ పొర నీటిలో కలియదు, ఇతర పదార్థాలతో సులభంగా చర్య జరుపదు. కనుక దానిపై వేరే పరమాణువులను అతికించవలసి వస్తుంది. ఇది కొత్త విద్య కాదు. 1859లోనే బ్రోడీ గ్రాఫైటును ఆక్సీకరణం చేసినాడు. 1958లో హమ్మర్స్, ఆఫెమన్‌లు అందుకు గాఢ గంధకామ్లం, సోడియం నైట్రేటు, పొటాషియం పర్మాంగనేటు వాడినారు. గ్రాఫీన్ ఆక్సైడు తయారీకి నేటికీ ఆ పద్ధతి, దాని సవరణలే ముఖ్యాధారం. ఆ ఆక్సైడు నీటిలో చక్కగా విస్తరిస్తుంది. వాహకత మాత్రం చాలవరకు నశిస్తుంది. బంధంలో చిక్కుకొన్న ఎలక్ట్రాను ఇక సంచరించలేదు కదా!

అతికించుట కంటె అతికినదని నిరూపించుట కష్టం. సి. వి. రామన్ 1928లో కనుగొన్న ఫలితమే ఇక్కడ మొదటి సాక్షి. లేజరు కాంతి పడినప్పుడు గ్రాఫీన్ వర్ణపటంలో సుమారు 1580 తరంగసంఖ్య వద్ద ‘జి’ అనే శిఖరం కనిపిస్తుంది. వల క్రమం చెడితే 1350 వద్ద ‘డి’ అనే మరొక శిఖరం లేస్తుంది. దానిని చూచి చర్య జరిగినదని తొందరపడరాదు. కొత్త పరమాణువు అతికినను, ఉన్న పరమాణువు ఊడి రంధ్రం పడినను ‘డి’ శిఖరం లేస్తుంది. లవణ విశ్లేషణలో నిర్ధారణ పరీక్ష చేయక ప్రాథమిక పరీక్షతోనే ఫలితం వ్రాసేవారు మన ప్రయోగశాలలోనూ లేకపోలేదు!

రెండవ సాక్షి ఎక్స్‌కిరణ పరీక్ష. ఎక్స్‌కిరణాల తాకిడికి వెలువడే ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచి, అవి ఏ పరమాణువునకు చెందినవో, దానికి ఎట్టి బంధాలున్నవో తెలుసుకొంటారు. కర్బనంతోనే బంధమున్న కర్బనం సుమారు 284.5 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద, ఆక్సిజన్‌తో బంధమున్నది అంతకంటె ఎక్కువ వద్ద కనిపిస్తాయి. అయితే సరిగా కడుగని నమూనాపై మిగిలిన ద్రావణి కూడ ఆక్సిజన్‌ను చూపగలదు. పైగా ఈ పరీక్షకు హైడ్రోజన్ అసలే కనిపించదు.

మరి 2009లో మాంచెస్టర్ బృందం గ్రాఫీన్‌పై హైడ్రోజన్‌ను అతికించినప్పుడు ఏమి చేసినది? ‘డి’ శిఖరం లేచినది, వాహకత పడిపోయినది. అంతటితో ఆగక, అదే నమూనాను ఆర్గాన్ వాయువులో 450 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసినారు. ‘డి’ శిఖరం చాలవరకు అణగిపోయి, వాహకత తిరిగి వచ్చినది. పడినవి రంధ్రాలే అయితే ఆ వేడికి పూడి ఉండేవి కావు.