పోగు పట్టుకుని పెనాంగ్‌లో...

సాయంత్రం ఏడైంది. మలేసియాలోని పెనాంగ్ దీవి, జార్జ్‌టౌన్‌లో ఓ సందు మలుపు. బొగ్గుల కుంపటి మీద వోక్ అనే నల్లటి చైనా మూకుడు, దాని ముందు చెమటలు కక్కుతూ ఓ ముసలాయన. వరసలో నాకు ముందు పదిహేను మంది ఉన్నారు. అందరిదీ కలిపి ఒక్క వాయిలో వేయించేస్తే సరిపోతుంది కదా అనిపించింది. ఆయన మాత్రం ప్లేటు తర్వాత ప్లేటే. ముప్పావుగంట నిలబెట్టాడు. నూడుల్స్ విషయంలో నాకు అక్షరాభ్యాసం జరిగింది ఆ ముప్పావుగంటలోనే.

వంటకం పేరు చార్ కువే తియావ్. హొక్కియన్ చైనీయుల మాటలో 'చార్' అంటే వేయించడం. కువే తియావ్ అంటే బియ్యప్పిండితో చేసిన, చిటికెనవేలంత వెడల్పున్న బద్దీల్లాంటి నూడుల్స్. పంది కొవ్వు పొగలు కక్కుతుండగా వెల్లుల్లి, రొయ్యలు పడ్డాయి. వెనకే బద్దీలు, సోయా సాస్. వాటిని ఓ పక్కకి నెట్టి, ఖాళీ అయిన చోట గుడ్డు కొట్టాడు. పెసర మొలకలు, వెల్లుల్లి వాసనొచ్చే పచ్చటి కాడలు, ఆఖర్న గుల్లల మాంసం. అంతా కలిపి రెండు నిమిషాల పని. ఈలోగా నూనె ఆవిరి భగ్గుమంది, మంట వోక్‌లోకి ఓసారి తొంగిచూసి వెళ్లింది. సోయా సాస్ మాడీ మాడకుండా బద్దీల అంచులకు పట్టుకుంది. ఆ పొగ రుచినే కాంటనీస్ వాళ్లు 'వోక్ హే' అంటారు. వోక్ ఊపిరి అన్నమాట.

రెండు మూడు ప్లేట్లవి ఒకేసారి కుమ్మరిస్తే వోక్ చల్లబడుతుంది. బద్దీల్లోని తడి బయటికి పోయే దారిలేక అక్కడే ఆవిరి పడుతుంది. వేగాల్సింది కాస్తా ఉడికి ఊరుకుంటుంది. మూకుడు నిండా బెండకాయ ముక్కలు పోస్తే వేపుడు జిగురు కూరైనట్టు.

ముందురోజు నేను డబ్బిచ్చి తిన్నది సరిగ్గా అదే. పర్యాటకులతో కిటకిటలాడే చోటు, ప్లేటు నిండా అరచేయంత రొయ్యలు. ఫొటో తీసుకున్నాను కూడా! రొయ్యలు అయిపోయాక కింద మిగిలింది తెల్లటి ముద్ద. పైన పటారం, లోన లొటారం. అప్పట్నుంచీ ఓ అలవాటు చేసుకున్నాను. ప్లేటు రాగానే పైవన్నీ పక్కకి జరిపి, ముందు ఒట్టి పోగు నోట్లో పెట్టుకుంటాను. దానికే రుచి లేకపోతే పీత వేసినా, బాతుగుడ్డు కొట్టినా దండగే.

అయితే ఏ పోగుకి ఆ పోగే లెక్క. గోధుమపిండిలో క్షారం కలిపి చేసే పసుపు 'మీ' పంటి కింద ఎదురు తిరగాలి, కొరికితే చటుక్కున తెగాలి. బియ్యపు నూడుల్స్‌లో గ్లూటెన్ ఉండదు కాబట్టి ఆ సాగుడు వాటినుంచి ఆశించకూడదు. మెత్తగా జారాలి, కానీ నలిగిపోకూడదు. మన సేమియా పాయసాన్ని, నూలపుట్టుని ఒకే గాటన కట్టి మార్కులేస్తామా?

పేరు చూసి ఆర్డరిచ్చినా దెబ్బతింటాం. పెనాంగ్‌లో 'హొక్కియన్ మీ' అడిగితే రొయ్య తలకాయలు మరిగించిన ఎర్రటి చారులో వస్తుంది. అదే పేరుతో కౌలాలంపూర్‌లో అడిగితే నల్లటి సోయాలో వేయించిన లావు నూడుల్స్ పెడతారు. సింగపూర్‌లో ఇంకో రకం. ఇక తమిళ ముస్లింల అంగళ్లలో దొరికే 'మీ గోరెంగ్ మామక్' ఉంది. చైనా నూడుల్స్‌లో బంగాళాదుంప, టమాటా సాస్, కారం ముద్ద వేసి, పైన నిమ్మకాయ బద్ద పెట్టి ఇస్తారు.

మూడోరోజు దీవి వెనక్కి, బాలిక్ పులావ్ అనే ఊరికి వెళ్లాను. (మలయ్‌లో పులావ్ అంటే దీవి. బిర్యానీ ఆశలు పెట్టుకోకండి.) అక్కడ తినాల్సింది అసమ్ లక్సా. 2011లో సీఎన్ఎన్ వేసిన ప్రపంచ రుచుల జాబితాలో దీనిది 7వ స్థానం. అసమ్ అంటే పులుపు. గిన్నె దగ్గరికి తీసుకోగానే చింతపండు, చేప వాసన గుప్పుమంది. నెల్లూరు చేపల పులుసు తిని పెరిగిన ముక్కు నాది. ఇక నిష్పాక్షికంగా తీర్పు చెప్పగలనా?

చేప చూపించమని అడిగితే కొట్టు పెద్దావిడ మూత తీసి చూపించింది. కానాగర్తలు! అక్కడ 'ఇకాన్ కెంబుంగ్' అంటారు. దీని శాస్త్రనామం రాస్ట్రెలిగర్ కానాగుర్తా. అందులోని రెండో ముక్క మన తెలుగు జాలరుల నోటి మాటే. ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేస్తూ స్థానిక పేర్లు రాసుకున్నాడు. తర్వాత ఫ్రాన్స్‌లో జంతుశాస్త్రవేత్త క్యూవియర్ ఆ పేరునే దీనికి ఖాయం చేశాడు.

చేపని ఉడికించి, ముళ్లు తీసి, చిదిపి పులుసులో కలిపేస్తారు. నిమ్మగడ్డి, అల్లం జాతికి చెందిన గులాబి రంగు మొగ్గ 'బుంగా కంతన్' పడతాయి. లావుపాటి తెల్లని బియ్యపు నూడుల్స్ మీద ఆ పులుసు పోసి అనాస, కీర, ఉల్లి, పుదీనా చల్లుతారు. పక్కన చెంచాలో 'హే కో' ఇస్తారు. తారులా నల్లగా, తియ్యగా ఉండే రొయ్యల ముద్ద అది. అంతా ఒకేసారి కలిపితే పులుపు చచ్చిపోతుంది. నేను సగమే కలిపి, మిగతా సగం అంచుకి నంజుకున్నాను. ఇక్కడ మంట లేదు, వోక్ ఊపిరి లేదు. పోగుకి సొంత రుచి దాదాపు లేనట్టే, పులుసుని నోటిదాకా మోసుకురావడమే దాని పని. నా ఒట్టి పోగు పరీక్ష ఇక్కడ చెల్లలేదు.

రెండో గిన్నె తీసుకుంటూ, "మా ఇంట్లో చేపల పులుసు మర్నాడే బాగుంటుంది. నిన్నటిది కాస్తేమైనా మిగిలిందా?" అని అడిగాను. పెద్దావిడ గరిటె ఆపి నావైపు చూసింది.

"నిన్నటిది అమ్మం," అంది. "అది మేం తింటాం."